థీమ్ అంటే జెండా కాదు బాబూ!

మొన్న శనివారం రాత్రి మా రూమ్మేటు చేతిలో మళ్ళీ ఓడిపోయాను. ఓడిపోవడం నాకేం కొత్త కాదు, దాని గురించి ఏడవడానికి కూర్చోలేదు. గెలిచాక వాడన్న మాటే గుచ్చుకుంది. "నీది ఫ్లీటు కాదురా, పెళ్ళి ఊరేగింపు. థీమూ గీమూ మానేసి గెలిచే లిస్టొకటి కాపీ కొట్టుకో" అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నా గానీ, ఆదివారమంతా ఆలోచిస్తే చెప్పాల్సింది చాలా ఉందనిపించింది.

ముందు ఆట గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. విజ్‌కిడ్స్ అనే అమెరికన్ కంపెనీ 2004లో 'పైరేట్స్ ఆఫ్ ద స్పానిష్ మెయిన్' అని ఓ ఆట తెచ్చింది. క్రెడిట్ కార్డు లాంటి ప్లాస్టిక్ కార్డులోంచి ముక్కలు విడదీసి, ఒకదాంట్లో ఒకటి గుచ్చితే అరచేతిలో ఇమిడే ఓడ తయారవుతుంది. ప్యాకెట్ విప్పేదాకా లోపల ఏ ఓడలున్నాయో తెలీదు, అదో జూదం. మామూలు ఆటకి ఒక్కొక్కరికి 40 పాయింట్లు. ఓడలూ, సిబ్బందీ కలిపి అందులోనే సర్దుకోవాలి. దీవుల మీద బంగారు నాణేలుంటాయి, వాటిని తెచ్చి సొంత దీవిలో దించుకోవాలి. ఎవరి దగ్గర ఎక్కువ బంగారం చేరితే వాళ్ళు గెలిచినట్టు.

ఓడకి ఎన్ని తెరచాప కొయ్యలో అన్ని ఫిరంగులు. దెబ్బ తగిలినప్పుడల్లా ఓ కొయ్య పీకెయ్యాలి. అన్నీ పోతే ఓడ ఇక కదల్లేదు, ఎవరో వచ్చి లాక్కెళ్ళాల్సిందే. మన వంతు వచ్చినప్పుడు ఒక్కో ఓడ ఒక్క పనే చెయ్యాలి, కదలడమో, కాల్చడమో, మరమ్మతో. దూరాలు కొలవడానికి స్కేలు కూడా అక్కర్లేదు. కార్డు పొట్టి అంచు ఒక కొలత, పొడుగు అంచు ఇంకో కొలత. ఇంత చిన్న సామానుతో ఇంత ఆట పెట్టినవాళ్ళ బుర్రకి దణ్ణం పెట్టాలి.

నేను ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు ఓ గరాజ్ సేల్‌లో ఒక డబ్బా నిండా ఈ కార్డులు దొరికాయి. అప్పట్నుంచీ మాకిద్దరికీ వారాంతపు వ్యసనం అదే.

ఇక అసలు గొడవకొస్తా. ఈ ఆట ఆడేవాళ్ళలో నాకు రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటిది మా రూమ్మేటు జాతి. వీళ్ళకి 40 పాయింట్లంటే ఒక ఆప్టిమైజేషన్ ప్రాబ్లెమ్. ఏ దేశపు ఓడైతేనేం, వేగంగా వెళ్ళి ఎక్కువ బంగారం మోసేది ఒకటి, కదులుతూ కాల్చేది ఒకటి, వీటికి తోడు చిల్లర ఓడలు. ఎవడో ఎక్కడో గెలిచిన లిస్టుంటే ఇంకా మేలు, దింపేసుకుంటారు. ఆఫీసులో ఎవడో రాసిన కోడ్ దింపి, ఎందుకు పనిచేస్తోందో తెలీకపోయినా "పనిచేస్తోందిగా" అనేవాళ్ళం మనలో చాలామందే ఉన్నాం కాబట్టి ఈ జబ్బు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండో రకం థీమ్ వాళ్ళమని చెప్పుకునేవాళ్ళు. నాకు వీళ్ళ మీదే ఎక్కువ కోపం, ఎందుకంటే నేనూ మొదట్లో ఆ గుంపులో గోవిందానే. అన్నీ స్పెయిన్ ఓడలు ఏరేస్తే స్పెయిన్ థీమ్. అన్నీ నల్ల తెరచాపలైతే దొంగల థీమ్. అంతే, అయిపోయింది. ఆట మొదలయ్యాక మాత్రం అందరి ఓడలూ ఒకేలా పరిగెడతాయి, తలో దిక్కుకీ పోయి బంగారం ఏరుకుంటాయి. జెండాలు మార్చేసి ఆడినా తేడా తెలీదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పైగా థీమ్ పూర్తవ్వాలంటే ఫలానా అరుదైన ఓడ ఉండాల్సిందేనని పాత కార్డుల కోసం డబ్బులు తగలేస్తారు.

నేననేది ఒక్కటే. థీమ్ అంటే జెండా కాదు, నడక. నీ దండు ఏం చేస్తుందో, అంతకన్నా ముఖ్యంగా గెలిచే అవకాశం ఉన్నా ఏం చెయ్యనంటుందో, అది థీమ్.

ఊరికే సిద్ధాంతం చెప్పి పోను. నేను కట్టింది స్పెయిన్ వెండి ఓడల దండు. స్పానిష్ మెయిన్ అంటే కరీబియన్ చుట్టూ స్పెయిన్ ఏలిన అమెరికా ప్రధాన భూభాగపు తీరం. ఆట పేరులోనే ఆ తీరం ఉంది, కానీ అందరికీ దోచుకునే దొంగలే ముద్దు, దోపిడీకి గురయ్యేవాడి బాధ ఎవడిక్కావాలి? 1545లో పొటోసిలో వెండి కొండ బయటపడింది. ఆ వెండి పసిఫిక్ మీదుగా పనామా చేరి, అక్కడ కంచరగాడిదల మీద ఇవతలి తీరానికి వచ్చి ఓడలెక్కేది. ఒంటరి ఓడలైతే దారిలో దోచేస్తున్నారని 1560ల నుంచి స్పెయిన్ వాళ్ళు గుంపుగా పంపడం ఓ పద్ధతిలో పెట్టారు. అమెరికా నుంచి వచ్చే దండులు హవానాలో కలుసుకుని, అక్కణ్ణుంచి ఇంటిదారి పట్టేవి. ముందు నడిచే పెద్ద ఓడ కపితానా, వెనక కాపు కాసేది అల్మిరాంతా, మధ్యలో వర్తకుల ఓడలు. మన మంత్రుల కాన్వాయ్ ఎలాగో అలాగన్నమాట.

ఇప్పుడు దీన్ని 40 పాయింట్లలో పెట్టాలి. నా డబ్బాలో ఉన్న మామూలు కార్డులే తీసుకున్నా. ముందూ వెనకా రెండు కాపలా ఓడలకి 22, మధ్యలో మూడు చిన్న ఓడలకి 13. మిగిలిన 5లో ఒక కెప్టెన్ 3కి, ఒక హెల్మ్స్‌మన్, అంటే చుక్కాని పట్టేవాడు, 2కి. లెక్క సరిపోయింది. దీనికి నేను పెట్టుకున్న నియమాలు రెండు. ఏ ఓడా పక్క ఓడకి కార్డు పొడుగు అంచు కన్నా ఎక్కువ దూరం పోకూడదు. వర్తకుల ఓడలు కాల్చకూడదు. నియమాలు నాకే, ఎదుటివాడికి కాదు.

మొదటి ఆటలో చుక్కానివాణ్ణి కపితానా మీద పెట్టా. వాడుంటే ఓడ ప్రతి కదలికకీ పొట్టి అంచంత అదనంగా పోతుంది. నాయకుడి ఓడ వేగంగా ఉండాలి కదా? తీరా చూస్తే ఆ వేగం దేనికీ పనికిరాలేదు. వెనకాల ఈడ్చుకుంటూ వచ్చే చిన్న ఓడ కోసం ముందున్నది ఆగాల్సిందే. కాన్వాయ్ వేగమంటే అందులో అన్నిటికన్నా నెమ్మది ఓడ వేగమే. రెండో ఆటకి చుక్కానివాణ్ణి తీసుకెళ్ళి ఆ నత్తనడక ఓడ మీదే కూర్చోబెట్టా. అయితే ఈ ఆటలో ప్రతి మనిషీ సరుకు పెట్టే చోటు ఒకటి తినేస్తాడు. అంటే ఓ బంగారు నాణెం తక్కువ మోసి, ఆ లోటుతో మొత్తం దండుకి వేగం కొన్నాను. గెలిచే లిస్టు దింపుకున్నవాడికి ఈ బేరం జన్మలో తగలదు.

కెప్టెన్ సంగతీ అంతే. కెప్టెన్ ఉన్న ఓడ ఒకే వంతులో కదలగలదు, కాల్చగలదు కూడా. మొదట వాణ్ణీ ముందే పెట్టా. వెనక ఓడ మీద దాడి జరిగినప్పుడు అర్థమైంది, కెప్టెన్ లేని అల్మిరాంతా ఆగి కాలిస్తే దండు దాన్ని వదిలేసి పోతుంది, లేదా దాని కోసం దండంతా ఆగుతుంది. రెండూ చావే. కాబట్టి కెప్టెన్ ఉండాల్సింది చివరి ఓడలో.

అన్నిటికన్నా పెద్ద పాఠం బంగారం ఎక్కడ పెట్టాలన్నది. కాపలా ఓడ కాపలా కాయాలి, వర్తకుడి ఓడ సరుకు మోయాలి, ఇదే న్యాయమని చాలా ఆటలు ఆడా. తర్వాత చదివితే తెలిసింది, స్పెయిన్ వాళ్ళు అసలైన వెండిని కాపలా ఓడల్లోనే పెట్టేవారట! ఫిరంగులున్న ఓడే భద్రమైన చోటు కదా మరి. 1622 సెప్టెంబరులో హవానా నుంచి 28 ఓడలు బయల్దేరితే, ఫ్లోరిడా దగ్గర తుఫానుకి మునిగిన వాటిలో అతోచా ఒకటి. అది ఆ దండుకి అల్మిరాంతా, నిండా వెండి. అందులో బతికింది ఐదుగురే. దాని వెండి గుట్ట మళ్ళీ మనిషి కంటపడింది 1985లో. నేనూ నా అల్మిరాంతాలో నాణేలు పెట్టి ఆడి చూశా. దొంగ దగ్గరికి రావడానికి జంకుతాడు, నిజమే. కానీ ఆ ఒక్క ఓడ పోతే ఆట పోయినట్టే. అలా రెండు ఆటలు పోయాయి కూడా. భద్రమైన చోటూ, పోతే కోలుకోలేని చోటూ ఒకటే అని పుస్తకంలో చదవడం వేరు, మూడు కొయ్యలు విరిగిన ఓడని బల్ల మీద చూస్తూ కూర్చోవడం వేరు.

సరే, వాదనలకొస్తా. "నువ్వు రోజూ ఓడిపోతుంటే ఎదుటివాడికి బోరు కాదా?" అంటాడు మా వాడు. ఇందులో నిజముంది, ఒప్పుకుంటా. థీమ్ పేరు చెప్పి చేతకాని దండు తెచ్చి, ఓడిపోయాక "నాది చరిత్ర" అని సన్నాయి నొక్కులు నొక్కడం నాకూ నచ్చదు. ఎదురుగా కూర్చున్నవాడికి పోరాటం బాకీ ఉంటాం. అందుకే నేను పై మార్పులన్నీ చేసింది. నియమం వదులుకోకుండా దండుని బాగుచేసుకోవడం, అసలు పని అదే. ఎడాపెడా అన్నీ వదిలేసి బాగుచెయ్యడం ఎవడికైనా వచ్చు.

"నిజంగా స్పెయిన్ వాళ్ళు కూడా ఓడిపోయారుగా?" అన్నది ఇంకో వాదన. 1628లో క్యూబాలోని మతాన్సాస్ అఖాతంలో డచ్చి వాడు పీట్ హైన్ వెండి దండుని పట్టేశాడు, కోటి గిల్డర్లకి పైగా దొరికిందంటారు. కానీ ఆ రోజు ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే అలాంటి రోజులు ఎంత అరుదో చూడండి. ఆ పద్ధతి రెండొందల ఏళ్ళ పాటు ఏదో ఒక రూపంలో నడిచింది. దొంగల కన్నా తుఫాన్లే దాన్ని ఎక్కువ ముంచాయి. పెళ్ళి ఊరేగింపని మా వాడు వెక్కిరించిన నడక వెనక అంత లెక్క ఉంది.

"ఈ ఆటలో దెయ్యపు ఓడలూ, సముద్ర రాక్షసులూ ఉన్నాయి, నీకు చరిత్రేమిటి?" అని కూడా అడగొచ్చు. చరిత్రే కావాలని నేననలేదు. దెయ్యాల దండే కట్టండి, కానీ దెయ్యంలా ఆడండి. మామూలు వర్తకుడిలా బుద్ధిగా బంగారం ఏరుకునే దెయ్యాన్ని చూస్తే నాకు జాలేస్తుంది.

చివరిగా మా వాడికి నేను శనివారం చెప్పలేకపోయింది. 2008 నవంబరులో విజ్‌కిడ్స్‌ని దాని యజమాని టాప్స్ మూసేసింది. 2009లో నెకా అనే కంపెనీ కొనుక్కుంది గానీ ఈ ఆటకి మాత్రం ఆ పాత వైభవం మళ్ళీ రాలేదు. మరి ఎవడి కోసం రా ఆ ఆప్టిమైజేషన్? నీ లిస్టు గెలుస్తుందని ముందే రుజువైంది, అందుకే కదా కాపీ కొట్టావు. రుజువైనదాన్ని ప్రతి శనివారం మళ్ళీ రుజువు చేసి ఏం బావుకుంటావు?

పైగా ఈ కార్డులు పాతబడుతున్నాయి. కొయ్య గుచ్చేటప్పుడు కాస్త వంకరపోతే టప్పున విరుగుతుంది. మా డబ్బాలో ఇప్పటికే ఆరు కొయ్యలు జిగురుతో అతికించి ఉన్నాయి. అంటే ఈ ఆట మేం ఇంకా ఎన్నిసార్లు ఆడగలమో దానికో లెక్కుంది. ఆ కాసిని ఆటల్ని ఎవడో రాసిన లిస్టుకి ధారపోయడం నాకిష్టం లేదు.

వచ్చే శనివారం వాడికో పందెం వేస్తున్నా. నాది అదే కాన్వాయ్, అవే నియమాలు. వాడు కట్టాల్సింది దొంగల దండు, నిజం దొంగల్లా: పొంచి ఉండాలి, వెనకబడ్డ ఓడ మీదే పడాలి, దీవుల్లో సొంతంగా బంగారం ఏరుకోకూడదు, నా దగ్గర కొట్టేసిందే వాడిది. ఒక్క నాణెమైనా కొట్టేస్తే బిర్యానీ నాది. కొట్టెయ్యలేకపోతే బిర్యానీ వాడిదే, ఊరేగింపన్న మాట కూడా వెనక్కి తీసుకోవాలి.