కాలు తర్వాత, ముందు తల: జియు జిత్సు వీడియోలు చూసే మన కబడ్డీ పిల్లలకు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

దుర్గి, మాచర్ల వైపు మన తండాల్లో, కాలనీల్లో సున్నంతో నాలుగు గీతలు గీస్తే చాలు, కబడ్డీ మొదలైపోద్ది. ఇప్పుడు మన తమ్ముళ్లు ఫోన్లో బ్రెజిలియన్ జియు జిత్సు చూసి మెడ పట్లు, చేతి పట్లు పట్టాలని ఉబలాటపడుతున్నారు. మేము అనేది ఒక్కటే: పట్లు తర్వాత, ముందు హాఫ్ గార్డ్ దాటడం నేర్చుకోండి.

హాఫ్ గార్డ్ అంటే, కింద పడుకున్నవాడు పైనున్నవాడి ఒక కాలిని తన రెండు కాళ్ల మధ్య బిగించడం. సగం దాటాం, సగం ఇరుక్కున్నాం. ఇక్కడే మన కబడ్డీ అలవాటు దెబ్బకొడుతుంది. కబడ్డీలో చీలమండ దొరికితే గీత వైపు గుంజుకుంటాం, చెయ్యి తగిలితే చాలు. ఇక్కడ గీత లేదు. కాలు గుంజితే మన బరువు వెనక్కి పోద్ది, కిందవాడు పక్కకు తిరిగి లేస్తాడు. మనల్ని పడేసి పైకొస్తే అతనికి 2 పాయింట్లు, వీపెక్కి కాళ్లు బిగిస్తే 4.

కాబట్టి ముందు తల సంగతి చూడాలి. ఒక చెయ్యి అతని మెడ కింద పోనిచ్చి, భుజంతో దవడను అవతలికి తిప్పాలి. ముఖం అటు తిరిగితే ఒళ్లు ఇటు తిరగదు. రెండో చెయ్యి అతని చంక కిందికి వెళ్లాలి. వీపు నేలకు ఆనాక మోకాలిని అతని తొడ మీదుగా అడ్డంగా జార్చాలి. మోకాలు బయటపడితే మిగిలేది పాదమే. అదీ వచ్చాక పక్కనుంచి 3 సెకన్లు కదలనివ్వకుండా ఆపితే 3 పాయింట్లు. తొందరపడినోడికి ఇది రాదు.

కిందవాణ్ని తక్కువ అంచనా వేయొద్దు. రాబర్టో ‘గోర్డో’ కొరేయా మోకాలి గాయం వల్లే హాఫ్ గార్డ్‌లో ఎక్కువ ఆడి, దాన్ని దాడి చేసే ఆటగా మార్చాడు.

“ఈ ఆటతో మనకు ఏమొస్తుంది అన్నా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జియు జిత్సు ఆసియా క్రీడల్లోకి 2018లో వచ్చింది, ఒలింపిక్స్‌లో లేదు. జూడో 1964లోనే ఒలింపిక్స్‌కు వెళ్లింది, మన స్కూల్ గేమ్స్‌లోనూ ఉంది. రెండూ ఒకే ఇంటి ఆటలు. బ్రెజిల్‌కు ఈ విద్య తీసుకెళ్లిన మయెదా జపాన్ జూడో మనిషే. జూడోలో 20 సెకన్లు అదిమిపెడితే గెలుపు. కానీ మన కాలు అతని కాళ్లలో ఇరుక్కుని ఉంటే ఆ లెక్కే మొదలవ్వదు. అంటే హాఫ్ గార్డ్ దాటడం వచ్చినోడికి జూడోలోనూ పనికొస్తుంది. సర్టిఫికెట్ దారి జూడో, నేల మీద పనితనం జియు జిత్సు. మా అభిప్రాయం ఇదే.

హాస్టల్ గచ్చు మీద మాత్రం చేయొద్దు. మెత్తటి మట్టి, లేదా మ్యాట్. నేర్పేవాళ్లు లేకుండా మెడ పట్లు అసలొద్దు. ఎదుటివాడు చేత్తో తట్టగానే వదిలేయాలి, అక్కడ పంతం పనికిరాదు.

మనం అడగాల్సింది కూడా పెద్దదేం కాదు. ప్రతి గిరిజన హాస్టల్‌కు కొన్ని మ్యాట్లు, వారానికి రెండు రోజులు జూడో కోచ్, ఆడపిల్లలకు వేరే టైమ్. బలమైనోడు మీదపడ్డప్పుడు ఊపిరి బిగపట్టకుండా ఆలోచించడం వాళ్లకు ఇంకా అవసరం. ఈ మూడూ రాసి గిరిజన సంక్షేమ శాఖకు అర్జీ ఇద్దాం. సంతకం పెట్టేవాళ్లు కింద మీ ఊరు, చదువు రాయండి.