పేరు చెబితే దారి చూపేవాడు

గోడకున్న పెట్టెలో దీపాలన్నీ వెలుగుతూనే వుంటాయి. ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనబడుతూనే వుంటుంది. అయినా కరెంటు బిల్లు కట్టబోతే సైటు తెరుచుకోదు. పరదేశంలో వున్న అమ్మాయితో మాట్లాడే వేళకు తెరమీద సున్నా తిరుగుతూ వుంటుంది. "నెట్టు పోయింది" అని యింటిల్లిపాదీ నిట్టూరుస్తారు. మన సభ్యుల యిళ్ళలో, అందులోనూ పెద్దవాళ్ళిద్దరే వుండే యిళ్ళలో, ఇది తరచు వచ్చే చిక్కు గనుక ఈ నెల దీన్ని గూర్చే ముచ్చటిద్దాం. చాలాసార్లు పోయింది నెట్టు కాదు. పేరు చెబితే దారి చూపేవాడు మాత్రమే కనబడకుండా పోయాడు.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది అంకెలతో. మనం కొట్టేది పేరు. ఆ పేరుకు అంకె చెప్పే యంత్రాన్ని నేమ్ సర్వర్ అంటారు. మన సంఘాలు అచ్చువేసే సభ్యుల చిరునామా పుస్తకం వంటిదన్నమాట. పుస్తకం చేతిలో లేకపోతే వూరు వుంటుంది, వీధి వుంటుంది, బస్సూ నడుస్తుంది. ఎక్కడ దిగాలో మాత్రం తెలియదు.

ఇంటర్నెట్టుకు ముందు, ఆర్పానెట్ రోజుల్లో నిజంగానే అటువంటి పట్టిక ఒక్కటే వుండేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ గారి బృందం దాన్ని దిద్దుతూ వుంటే, తక్కినవారు ప్రతి తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి ఒక్క పట్టిక చాలలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ గారు ఆ బాధ్యతను పలుచోట్లకు పంచే పద్ధతి రూపొందించారు. డీఎన్ఎస్ అంటున్నది దానినే.

ఆ నేమ్ సర్వర్ అంకె మన కంప్యూటరుకు ఎవరు చెబుతారు? యింట్లోని రౌటరే. యంత్రం వైఫైలో చేరగానే దానికి ఒక అంకె, బయటకు పోయే ద్వారం, పేర్లు అడగవలసిన చోటు, మూడూ రౌటరు వడ్డిస్తుంది. 1993లో నియమాలు ఏర్పడిన ఈ పద్ధతికి డీహెచ్‌సీపీ అని పేరు. ఈ వడ్డనలో తేడా వచ్చినప్పుడే పై చిక్కు.

పరీక్ష వరుసగా చెయ్యాలి. మొదట, చిక్కు ఒక్క యంత్రానికా, అన్నిటికా అని చూడండి. ఒక్కదానికే అయితే దోషం దానిలోనే వుండటానికి అవకాశం ఎక్కువ.

రెండవది, విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాలతో 'పింగ్' అని, ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టండి. అది గూగుల్ 2009 నుంచి నడుపుతున్న నేమ్ సర్వర్ అంకె. జవాబు వస్తే బయటకు దారి బాగానే వున్నట్లు. తరువాత అంకె బదులు తెలిసిన సైటు పేరుతో అడగండి. అంకెకు పలికి, పేరు ఎవరిదో తెలియదంటే తప్పు నేమ్ సర్వర్ దగ్గర. అంకెకూ పలకకపోతే లైను సంగతి, రీఛార్జి సంగతి చూసుకోవాలి.

మూడవది, 'ఐపీకాన్ఫిగ్' అని, ఖాళీ వదిలి, ఏటవాలు గీతతో 'ఆల్' అని కొడితే వడ్డించిన అంకెలన్నీ కనబడతాయి. మన యంత్రం అంకె 169.254తో మొదలైతే రౌటరు ఏమీ వడ్డించలేదన్నమాట. రౌటరును ఒకసారి ఆపి వెలిగించండి. డీఎన్ఎస్ వరుసలో రౌటరు సొంత అంకె వుండటం సహజమే. ఎరుగని అంకె వుంటే ఎవరో చేత్తో రాసి వుండవచ్చు. పాత అంకె కాగితం మీద రాసుకుని, అమరికను 'ఆటోమేటిక్'కు మార్చండి. ఆండ్రాయిడ్ ఫోనులో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అనే చోటు కూడా చూడండి. ఆఫీసువారి కంప్యూటరైతే వారిని అడగనిదే ముట్టుకోవద్దు.

ఇల్లు మారిన సభ్యుడికి పాత చిరునామాకే వుత్తరం పోయినట్లు, కంప్యూటరు పాత అంకెనే పట్టుకు వేలాడటమూ కద్దు. 'ఐపీకాన్ఫిగ్' తరువాత ఏటవాలు గీతతో 'ఫ్లష్‌డీఎన్ఎస్' అంటే ఆ జ్ఞాపకం తుడిచిపోతుంది.

ఒక గదిలో పనిచేసి మరో గదిలో మొరాయిస్తే, మేడమీదికని పెట్టిన రెండో రౌటరును అనుమానించండి. ఒకే పంక్తిలో ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు వడ్డించినట్లు, రెండూ అంకెలు పంచుతూ వుంటాయి. రెండోదానిని 'యాక్సెస్ పాయింట్' పద్ధతికి మార్చి, పంపకం మొదటిదానికే వదిలితే సరి.

ఇదంతా సౌకర్యం కోసమే కాదు. దారి చూపేవాడే దొంగ అయితే, బ్యాంకు పేరు సరిగా కొట్టినా దొంగ గుమ్మంలోకి చేరతాం. డీఎన్ఎస్ ఛేంజర్ అనే దుష్ట ప్రోగ్రాము 100కు పైగా దేశాలలో సుమారు 40 లక్షల కంప్యూటర్లలో నేమ్ సర్వర్ అంకెలను మార్చివేసింది. అమెరికా ఎఫ్‌బీఐ 2011 నవంబరులో ఆ ముఠా గుట్టు రట్టు చేసింది. దొంగ సర్వర్ల స్థానంలో మంచివి కొన్నాళ్ళు నడిపి, 2012 జూలై 9న ఆపారు. అప్పటికీ దిద్దుకోని యంత్రాలకు పేర్లు దొరకడం మానేశాయి.

కనుక ఎరుగని అంకె మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చుంటే, కొన్ననాటి రౌటరు పాస్‌వర్డు మార్చండి. బ్యాంకు పేజీ దగ్గర బ్రౌజరు హెచ్చరిస్తే ముందుకు పోకండి. బాగుచేస్తామని ఫోనులో చెప్పే అపరిచితులకు మీ తెరను అప్పగించకండి.

యింట్లో చదువుకున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, అంతా బాగున్న రోజునే ఈ అంకెలు కాగితం మీద రాయించి, రౌటరు పక్కన గోడకు అంటించమని మా సలహా. చిక్కు వచ్చిననాడు ఏది మారిందో అమ్మమ్మ అయినా పోల్చి చెప్పగలుగుతుంది.