పేరు మారితే రెక్కలు ముడవాల్సిందేనా?

దినపత్రికల చిన్న ప్రకటనల పేజీలో ‘ఇకపై నన్ను ఫలానా పేరుతో వ్యవహరించవలసినది’ అన్న నాలుగు వరుసల ప్రకటన పాఠకులకు కొత్త కాదు. నోటరీ ముందు ప్రమాణపత్రం, పత్రికల్లో ప్రకటన, ఆపై రాజపత్రంలో ప్రచురణ. ఇంతటితో పేరు చట్టబద్ధంగా మారిపోతుంది. రేషన్ కార్డు మొదలు బ్యాంకు పాసుపుస్తకం వరకు మిగిలినవన్నీ తిరుగుడుకూ ఓపికకూ సంబంధించిన పనులు. అయితే పేరుతో పాటు లింగ గుర్తింపు కూడా మారి, ఆ వ్యక్తి పైలట్ అయితే సంగతి వేరు. డ్రైవింగ్ లైసెన్సులో పేరు సవరించినంత సులువుగా అక్కడ పని జరగదు. ఎందుకు జరగదని ఆరా తీస్తే, వేర్వేరుగా చూడవలసిన రెండు వ్యవహారాలు ఒకే ముడిలో పడి ఉన్న సంగతి బయటపడుతుంది.

లైసెన్సు మీద ఉన్న పేరు ఈ మనిషిదేనా అన్నది మొదటి వ్యవహారం. అది కాగితాలు చూసి గుమాస్తా తేల్చగలిగినది. ఈ మనిషి విమానం నడపడానికి ఆరోగ్యంగా ఉన్నారా అన్నది రెండోది. అది వైద్యులు తేల్చవలసినది. పైలట్ లైసెన్సుకు విలువ ఉండాలంటే వైద్య ధ్రువపత్రం కూడా చెల్లుబాటులో ఉండాలి. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. ఈ జోడు కారణంగానే పేరు దిద్దించుకోవడానికి వెళ్లిన వ్యక్తి వైద్యపరీక్షల వరుసలో నిలబడవలసిన పరిస్థితి వస్తోంది.

దేశంలో ఈ సమస్య తొలిసారి పెద్దయెత్తున చర్చకు వచ్చింది కేరళకు చెందిన ఆడమ్ హ్యారీ ఉదంతంతో. ఆయన ట్రాన్స్ పురుషుడు. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో శిక్షణ పొంది ప్రైవేటు పైలట్ లైసెన్సు సంపాదించారు. వాణిజ్య పైలట్ కావాలన్న ఆయన కోరికకు కేరళ ప్రభుత్వం చేయూతనిచ్చింది. తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ విమానయాన సాంకేతిక అకాడమీలో శిక్షణకు సుమారు రూ.23 లక్షల సాయం ప్రకటించింది. డబ్బు సమకూరింది, సీటు దొరికింది. కానీ వైద్యపరీక్ష దగ్గర బండి ఆగిపోయింది. హార్మోన్ చికిత్స తీసుకుంటున్న కారణంగా ఆయనకు ధ్రువపత్రం లభించలేదు. ఆకాశంలో ఉండవలసిన వ్యక్తి ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసే పనిలో కుదురుకున్నారన్న వార్త 2022 జులైలో దేశమంతటా వచ్చింది.

వార్త గుప్పుమనడంతో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పైలట్లు కావడానికి 1937 నాటి విమానయాన నిబంధనల్లో ఎలాంటి నిషేధమూ లేదని ఆ సంస్థ స్పష్టం చేసింది. హార్మోన్లు వాడుతున్నంత మాత్రాన అనర్హులు కారనీ, దుష్ప్రభావాలు లేకుంటే సరిపోతుందనీ చెప్పింది. మోతాదు ఇంకా మారుస్తున్న దశలో మాత్రం విమానం నడపరాదని పేర్కొంది. మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని హ్యారీకి సూచించింది.

తరువాతి నెలలోనే, 2022 ఆగస్టులో, డీజీసీఏ మార్గదర్శకాలు విడుదల చేసింది. హార్మోన్ చికిత్స, శస్త్రచికిత్స పూర్తయి ఐదేళ్లు దాటినవారు మానసిక ఆరోగ్య పరీక్షలో ఉత్తీర్ణులైతే వారిని ఆరోగ్యవంతులుగా పరిగణించవచ్చన్నది వాటి సారాంశం. ఐదేళ్లలోపు చికిత్స పొందినవారు, ఇంకా హార్మోన్లు వాడుతున్నవారు మానసిక స్థితిపై సవివర పరీక్షకు హాజరు కావాలి. చికిత్స చేస్తున్న హార్మోన్ నిపుణుని నివేదిక, శస్త్రచికిత్స వివరాలు జతపరచాలి. గుండె, రక్తనాళాల పరీక్షలు కూడా అవసరమవుతాయి.

డీజీసీఏ ఆందోళనను కొట్టిపారేయడం న్యాయం కాదు. టెస్టోస్టెరాన్ వాడేవారిలో ఎర్రరక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడే అవకాశం ఉంది. ఈస్ట్రోజెన్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చునే వృత్తిలో ఇది చిన్న విషయం కాదు. మోతాదు కుదుటపడేదాకా ఆగమనడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. రక్తపోటుకో మధుమేహానికో కొత్త మందు మొదలుపెట్టిన పైలట్‌నూ కొంతకాలం నేల మీదనే ఉంచుతారు. అయితే మానసిక పరీక్ష విషయంలో అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టిక లింగ గుర్తింపు అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తొలగించింది. పట్టిక అమలులోకి వచ్చిన ఏడాదిలోనే వెలువడిన మన మార్గదర్శకాలు మాత్రం ఐదేళ్లు గడిచినవారిని సైతం మానసిక పరీక్ష గడప దాటి రమ్మన్నాయి.

ఇక కాగితాల సంగతి. దీనికి మూలం ఢిల్లీలో కాదు, జిల్లా కలెక్టరేట్‌లో ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని ప్రకటించింది. ఆ తరువాత 2019లో పార్లమెంటు చేసిన చట్టం 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. గుర్తింపు ధ్రువపత్రం జారీచేసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు దఖలు పడింది. మొదట ‘ట్రాన్స్‌జెండర్’ అన్న గుర్తింపుతో ఒక పత్రం, శస్త్రచికిత్స జరిగాక పురుషుడు లేదా స్త్రీ అని సవరించిన మరో పత్రం. ఇదీ ఆ చట్టం వేసిన బాట. ఆ పత్రం పొందినవారు జనన ధ్రువీకరణతో పాటు తమ గుర్తింపుకు సంబంధించిన అధికారిక పత్రాలన్నింటిలోనూ పేరు మార్చుకోవచ్చని చట్టం హామీ ఇచ్చింది. దరఖాస్తు అందిన 15 రోజుల్లో సంబంధిత శాఖ మార్పు చేయాలని 2020 నాటి నిబంధనలు గడువు కూడా విధించాయి.

చెప్పుకోవలసిన సంగతి మరొకటి ఉంది. రెండు ధ్రువపత్రాలంటే, పత్రాలన్నీ రెండుసార్లు మార్పించుకోవాలన్నమాట. ఆధార్‌కు రెండుసార్లు, పాస్‌పోర్టుకు రెండుసార్లు, లైసెన్సుకు రెండుసార్లు. పోతే, ఏయే పత్రాలు మార్చాలో 2020 నిబంధనలకు అనుబంధంగా ఒక జాబితా ఉంది. అందులో డ్రైవింగ్ లైసెన్సు ఉంది, గ్యాస్ బిల్లు ఉంది, రైతు పాసుపుస్తకం కూడా ఉంది. పైలట్ లైసెన్సు ప్రస్తావన మాత్రం కనిపించదు. చట్టంలోని ‘అధికారిక పత్రాలన్నీ’ అన్న మాట దీనికీ వర్తిస్తుందని వాదించవచ్చు. కానీ కౌంటరులో కూర్చున్న ఉద్యోగి చూసేది చట్టాన్ని కాదు, జాబితాను.

పైలట్ పేరు ఒక్క చోట ఉండదు. పదో తరగతి మార్కుల పత్రంతో ఆ గొలుసు మొదలవుతుంది. రాతపరీక్షలకు డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబరు, వైద్య నివేదిక, రేడియో వాడకపు లైసెన్సు, శిక్షణ సంస్థ రికార్డులు, ఎగిరిన ప్రతి గంటనూ నమోదు చేసే లాగ్‌బుక్, విమానాశ్రయ ప్రవేశ అనుమతి పత్రం, దానికి ముందు పోలీసు విచారణ. వీటిలో ఏ రెండింటి మధ్య పేరు కలవకపోయినా దరఖాస్తు వెనక్కి వస్తుంది. రేడియో లైసెన్సు బాధ్యత దీర్ఘకాలం టెలికాం శాఖ చేతిలోనే ఉండేది. 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియం దానిని విమానయాన రంగ పరిధిలోకి తెచ్చింది. తిరగవలసిన గుమ్మాలలో ఒకటి తగ్గిందని సంతోషించవచ్చు. విదేశాల్లో శిక్షణ పొందినవారి అవస్థ ఇంకా క్లిష్టమైనది. అమెరికాకో దక్షిణాఫ్రికాకో వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నవారు మన దేశంలో దానిని మార్పిడి చేయించుకోవాలంటే, ఆ దేశపు సంస్థ నుంచి ధ్రువీకరణ రావాలి. అక్కడి రికార్డులో పాత పేరుంటే ముందు అక్కడ దిద్దించుకోవాలి.

జాప్యానికి పైలట్లు చెల్లించే మూల్యం ఇతర ఉద్యోగుల కంటే ఎక్కువ. వాణిజ్య లైసెన్సుకు మొత్తం 200 గంటల విమానయాన అనుభవం చూపాలి. విమానానికి సారథిగా ఎగిరిన గంటల్లో కనీసం 15 గంటలు దరఖాస్తుకు ముందరి ఆరు నెలల్లో పూర్తిచేసినవై ఉండాలన్నది దీర్ఘకాలంగా ఉన్న నియమం. ఫైలు ఏడెనిమిది నెలలు కదలకుంటే ఆ గంటలకు కాలదోషం పడుతుంది. మళ్లీ డబ్బు కట్టి, మళ్లీ ఎగరాలి. గంటకు వేల రూపాయలు వెచ్చించవలసిన చోట ఇది మధ్యతరగతి కుటుంబాలకు తలకు మించిన భారం. ఇంటి ఆదరణకు దూరమైన ట్రాన్స్‌జెండర్ యువత మాట వేరే చెప్పాలా?

అసలు పైలట్ లైసెన్సు మీద లింగం అచ్చువేయవలసిన అవసరం ఉందా అన్నది కీలకమైన ప్రశ్న. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన మొదటి అనుబంధంలో లైసెన్సు మీద ఏమేమి ఉండాలో వరుసగా పేర్కొంది. దేశం పేరు, లైసెన్సు రకం, సంఖ్య, పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, జాతీయత, సంతకం అడిగింది. లింగం అడగలేదు. అడగకపోవడంలో వింతేమీ లేదు. పైలట్ అర్హతకు ఆడ, మగ తేడా లేదు. సరళా ఠక్రాల్ 1936లోనే మన దేశంలో పైలట్ లైసెన్సు పొందారు. గంటలు అవే, పరీక్షలు అవే.

విశాఖపట్నంలో 2017లో జరిగిన ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఐఎన్ఎస్ ఏక్సిలాలో పనిచేస్తున్న నావికోద్యోగి లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నందుకు నౌకాదళం కొలువు నుంచి తొలగించింది. అప్పటికి నావికుల హోదాలో మహిళలకు ప్రవేశం లేదు. నియమం మంచిదా చెడ్డదా అన్నది అటుంచితే, అక్కడ లింగం మారితే అర్హతే మారిపోతుందన్న వాదనకు ఓ ఆధారం ఉంది. పైలట్ లైసెన్సు విషయంలో ఆ ఆధారం కూడా లేదు.

అమెరికాలో పేరు మార్పు పద్ధతి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి విమానయాన నిబంధనల్లో 61.25 అనే చిన్న సెక్షన్ దీనికోసమే ఉంది. ఉన్న లైసెన్సునూ, పెళ్లి పత్రమో కోర్టు ఉత్తర్వో మార్పును రుజువు చేసే మరో పత్రమో చూపితే చాలు. పరిశీలించి పత్రాలు తిరిగి ఇచ్చేస్తారు. పెళ్లయి ఇంటిపేరు మార్చుకున్నవారికీ, లింగ గుర్తింపుతో పాటు పేరు మార్చుకున్నవారికీ నిబంధన ఒక్కటే. వైద్యం సంగతి వైద్య ధ్రువపత్రం దగ్గర వేరుగా తేలుతుంది. అలాగని అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. ఆ దేశపు లైసెన్సు మీద ఎత్తు, బరువు, కళ్ల రంగుతో పాటు లింగాన్నీ చాలాకాలంగా ముద్రిస్తూ వచ్చారు. 2025 జనవరి 20 నాటి అధ్యక్ష ఉత్తర్వు పుట్టుకతో వచ్చిన లింగాన్నే ప్రభుత్వ పత్రాల్లో గుర్తించాలని ఆదేశించింది. కేసు తేలేలోగా పాస్‌పోర్టుల విషయంలో ఆ విధానం అమలుకు అక్కడి సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరు 6న అనుమతించింది. పేరు ఒకటి, లింగం ఒకటి చెప్పే పత్రాలతో విదేశీ విమానాశ్రయాల్లో దిగే పైలట్ల ఇబ్బందులు ఊహించవచ్చు.

‘ఇంతటి చిన్న సంఖ్య కోసం ఇంత చర్చ అవసరమా’ అనేవారు ఉంటారు. వారు గమనించవలసింది ప్రయాణికుల భద్రతను. 2015 మార్చి 24న ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో జర్మన్‌వింగ్స్ విమానం కూలి 150 మంది మరణించారు. కో-పైలట్ తన మానసిక అనారోగ్యాన్ని సంస్థకు చెప్పలేదు. ఆ దుర్ఘటనకూ లింగ గుర్తింపుకూ ఎలాంటి పోలికా లేదు. కానీ లైసెన్సు పోతుందన్న భయం పైలట్లను వైద్యుని దగ్గర నోరు విప్పనీయదన్న సంగతి ఆ తరువాత ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. పేరు దిద్దించుకోబోతే విమానమే దూరమవుతుందని తెలిస్తే, హార్మోన్లు వాడుతున్న పైలట్ ఏం చేస్తారు? దరఖాస్తు పెట్టరు. దొంగచాటుగా మందులు కొంటారు, రక్తపరీక్షలు మానేస్తారు. రక్తం చిక్కబడుతున్న సంగతి డీజీసీఏకూ తెలియదు, ఆ పైలట్‌కూ తెలియదు. జాగ్రత్త కోసం పెట్టిన నియమం అజాగ్రత్తకు దారితీస్తుంది.

డీజీసీఏ సేవలు 2021 నుంచి ఇ-జీసీఏ వేదిక మీదకు చేరాయి. 2025 ఫిబ్రవరి 20న పైలట్ల ఎలక్ట్రానిక్ లైసెన్సును శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కేంద్ర విమానయాన మంత్రి హోదాలో ప్రారంభించారు. అట్ట మీద అచ్చు మార్చవలసిన రోజులు పోయాయి. రికార్డులో ఒక్క గడి దిద్దితే ఫోన్‌లోని లైసెన్సు మారుతుంది. 2022 మార్గదర్శకాలు వైద్యపరీక్షకే పరిమితమయ్యాయి. వాటికి తోడుగా ఒక సర్క్యులర్ వస్తే చాలు, చట్టం మార్చనక్కర లేదు. కలెక్టరు ఇచ్చిన ధ్రువపత్రమో రాజపత్ర ప్రతో చూపినవారి పేరును కంప్యూటర్ నంబరు మొదలు లాగ్‌బుక్ ధ్రువీకరణ వరకు ఒకే దరఖాస్తుతో సవరించాలనీ, ఆ దరఖాస్తును వైద్య విభాగానికి పంపరాదనీ, వైద్య ధ్రువపత్రం దాని గడువు వరకు యథాతథంగా చెల్లుతుందనీ, చికిత్సలో మార్పు వస్తే పైలట్ ఇతర పైలట్ల మాదిరిగానే విడిగా తెలియజేయాలనీ అందులో రాయవలసి ఉంటుంది. పని పూర్తిచేయడానికి గడువు ఎంత అన్న సందేహం అక్కర్లేదు. 2020 నిబంధనల్లోనే అది ఉంది, 15 రోజులు.