ప్రొజెక్టర్ కొంటున్నారా? ధర తగ్గింది సరే.. గంటకు ఎంత ఖర్చో లెక్కేశారా!

ఇంట్లోనే వంద అంగుళాల తెర! వినడానికి బాగానే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో, పెద్ద టీవీ బదులు ప్రొజెక్టర్ తీసుకుందామా అని ఆలోచించేవాళ్లు చాలామందే. కానీ షోరూమ్‌లో చెప్పే రేటు సగం కథే. మిగతాది ఇంటికొచ్చాక మొదలవుతుంది.

ముందు బల్బు సంగతి. ల్యాంప్ మోడళ్లలో బల్బు సాధారణంగా 3,000 నుంచి 5,000 గంటలు వస్తుంది. రోజుకు మూడు గంటలు చూస్తే ఏడాదికి దాదాపు 1,100 గంటలు. అంటే మూడు, నాలుగేళ్లకు కొత్త బల్బు తప్పదు. దాని ధర రూ.12,000, లైఫ్ 4,000 గంటలు అనుకుందాం. గంటకు రూ.3, అంటే మూడు గంటల సినిమాకు రూ.9 బల్బుకే పోయినట్టు! పైగా కంపెనీలు చెప్పే ఆ గంటలు బల్బు మాడిపోయే వరకు అని కాదండోయ్, వెలుతురు సగానికి పడిపోయే వరకు. బొమ్మ అంతకు చాలా ముందే మసకబారుతుంది. ప్రొజెక్టర్ వారంటీ వేరు, బల్బు వారంటీ వేరు. రెండోది చాలా తక్కువ.

ఎల్‌ఈడీ, లేజర్ వాటికి బల్బు మార్చే పని లేదు, 20,000 గంటలంటారు. అయితే చౌక ఎల్‌ఈడీ మోడళ్లలో లోపల దుమ్ము చేరితే తెరపై మచ్చలు పడతాయి. పోపు పొగ, అగరుబత్తి పొగ ఉండే మన ఇళ్లలో ఇది మామూలే. రిపేర్ చేసేవాళ్లు దొరకడమే కష్టం.

ఇక అసలు దెబ్బ కరెంట్ బిల్లు. ల్యాంప్ ప్రొజెక్టర్ 300 వాట్లు తీసుకుంటే నెలకు 27 యూనిట్లు. 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకైతే తొమ్మిది చాలు. తేడా 18 యూనిట్లేగా అనిపిస్తుంది. కానీ బొమ్మ కనపడాలంటే కిటికీలు మూయాలి, మూసిన గదిలో ప్రొజెక్టర్ వేడి, దానికి ఏసీ! అది గంటకు యూనిట్ లాగినా నెలకు ఇంకో 90.

తెలంగాణలో గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. నెలకు 185 యూనిట్లు వాడే ఇంట్లో ఏసీ లేకుండా ప్రొజెక్టర్ ఒక్కటే చేరినా 212 అవుతుంది. 200 దాటితే ఆ పైన 12 యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. సున్నా బిల్లు కాస్తా ఆ నెల వెయ్యి రూపాయలు దాటుతుంది. ఏపీలో ఆ పథకం లేదు కానీ అక్కడా స్లాబుల దెబ్బ ఉంది. 225 యూనిట్లు దాటాక యూనిట్ రేటు రూ.6 నుంచి రూ.8.75కి పెరుగుతుంది.

అందుకే రోజూ సీరియళ్లు, న్యూస్ చూసే ఇంటికి టీవీయే నయం. వారానికో సినిమా, సీజన్‌లో క్రికెట్ అంటారా.. ప్రొజెక్టర్ ఖర్చు పెద్దగా తెలియదు. కొనేముందు షాపువాళ్లను మాత్రం కొత్త బల్బు ధర, దాని వారంటీ ఎన్ని గంటలు అని అడగండి. బాక్స్ మీద వేలల్లో వేసే లూమెన్స్‌ను పట్టించుకోకుండా ఆన్సీ లూమెన్స్ ఎంతో చెప్పమనండి.