ఆమె ఎప్పటినుంచో పనిలోనే ఉంది

భర్త ఉపాధి పోతే భార్య కొత్తగా పనిలోకి వచ్చి ఆ లోటు పూడుస్తుందని అర్థశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. 1930ల మహామాంద్యం నాటి అమెరికా అనుభవం నుంచి రూపుదిద్దుకున్న వాదన అది. జగ్గయ్యపేట, నందిగామ దళితవాడలకు అది వర్తించదని నా అభిప్రాయం. అక్కడి స్త్రీ ఎప్పటినుంచో పత్తి తీతల్లో, మిరప కోతల్లో ఉంది. కొత్తగా చేరడానికి ఇంట్లో ఇంకెవరున్నారు?

సున్నపురాయి నిక్షేపాలు ఈ కృష్ణా మెట్టకు సిమెంటు కర్మాగారాలను తెచ్చాయి. కాంట్రాక్టు కూలీకి మాత్రం పని పోవడమంటే నోటీసు కాదు, రేపటి నుంచి రావద్దన్న ఒక్క మాట. ఆ రోజు నుంచి ఆమె కూలి మీదే ఇల్లు నడవాలి. కోతల కాలం ముగిస్తే ఆ కూలీ ఉండదు. మిగిలేది డ్వాక్రా వాయిదా, వడ్డీ అప్పు, బడి మానిన పిల్ల.

భూమి ఉన్న కులాల్లో స్త్రీ చేను పని మానడం గౌరవచిహ్నం. కష్టకాలంలో అక్కడ తాకట్టుకు పొలం ఉంటుంది, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో సంపాదించే బంధువు ఉంటాడు. దళిత కుటుంబానికి టిఫిన్ బండి పెట్టుకోమని సలహా చెప్పడం తేలిక. వండిన చేతి కులం అడిగే ఊళ్లో కొనేదెవరు? వృత్తి మార్చుకోనివ్వని కులం నిరుద్యోగానికి ప్రత్యక్ష కారణమని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు.

ప్రభుత్వ లెక్కలూ ఈ వాస్తవాన్ని చూడలేదు. 2005 ఉపాధి హామీ చట్టం 100 రోజులు ఇచ్చింది వ్యక్తికి కాదు, కుటుంబానికి. పని పోయిన భర్త కూడా తట్ట పట్టుకుంటే ఆ రోజులు సగం కాలంలోనే కరిగిపోయేవి. 2018లో ఈఎస్‌ఐ తెచ్చిన పథకం బీమా ఉన్న కార్మికుడికి పని పోతే 90 రోజుల వరకు భృతి ఇస్తుంది. రికార్డుల్లో పేరే లేని కూలీకి అదీ దక్కదు.

పని హామీని వ్యక్తి లెక్కన ఇవ్వాలి. ప్రతి కాంట్రాక్టు కార్మికుడి పేరూ బీమా జాబితాకెక్కాలి. దళిత ఉద్యమం తనను తానూ ఒక ప్రశ్న వేసుకోవాలి: పని పోయి ఇంట్లో ఉన్న మగవాడు పొయ్యి వెలిగిస్తున్నాడా? లేకుంటే ఆ నిరుద్యోగ భారం మోసేది ఆమె ఒక్కతే.