గేటు లోపల ద్రాక్షతోట, గేటు బయట మా ఊరు

ఈసారి నన్ను రాయమన్నారు మామయ్య. "నీ సీమ గురించేగా, నువ్వే రాయమ్మా" అన్నారు. నేను పదో తరగతి దాకా చదివింది కన్నడ మీడియం. తెలుగు మాట మా ఇంట్లోదే గానీ, తెలుగు అక్షరం మాత్రం పెళ్ళయి చెన్నై వచ్చాక అత్తయ్య దగ్గర నేర్చుకున్నది. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కాబట్టి పెద్ద కష్టం కాలేదు. ఎక్కడైనా ఒత్తు జారితే సర్దుకొని చదువుకోండి.

విషయం మీకు తెలిసిందే. పోయిన ఫిబ్రవరిలో మామయ్య డెబ్బయ్యో పుట్టినరోజుకి మనం పద్నాలుగు మందిమి నంది కొండల కింద ఒక ద్రాక్షతోట హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం. ఇప్పుడు డాలస్ బావగారు ప్రతి ఏడాదీ అక్కడే కలుద్దాం అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో పదకొండు మంది సరే అన్నారు. నేను ఇంకా ఏమీ అనలేదు. ఇదే నా జవాబు అనుకోండి.

ముందే చెప్పేస్తాను. నేనూ సరే అనే అంటాను, కానీ ఒక షరతు మీద. రెండు రోజులు ఉంటే అందులో ఒక రోజు ఆ గేటు బయట గడపాలి. ఎందుకో చెప్తాను.

హోటల్ బాగుంది, అందులో సందేహం లేదు. పొద్దున్నే కర్టెన్ తీస్తే వరసలు వరసలుగా తీగెలు, వాటి వెనక నల్లటి బండకొండ, దాని నెత్తిన మబ్బు. ఒక్కో గది ముందు చిన్న నీళ్ళ తొట్టి, పిల్లలు అందులోంచి బయటికి రాలేదు. సాయంత్రం వైన్ రుచి చూపించే కార్యక్రమం. ఆ అబ్బాయి గ్లాసు తిప్పి, వాసన చూసి, నాలుక మీద ఉంచుకోమంటుంటే, పెద్దత్తయ్య "ఇదేం కషాయమా నాయనా ఇంత తతంగం" అన్నారు. అందరం ఎంత నవ్వామో!

ఆ అబ్బాయి ఫ్రాన్సు గురించి చాలా చెప్పాడు. బోర్డో, బోర్డో అని నాలుగైదుసార్లు అన్నాడు. ఆ మాట వినగానే నాకు వైన్ గుర్తుకు రాలేదు. మా నాయన చేతులు గుర్తుకొచ్చాయి. ద్రాక్షకి బూజు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే మందు పేరు బోర్డో మిశ్రమం. 1880ల్లో ఆ ఫ్రాన్సు తోటల్లోనే పుట్టిన మందు అది. మా ఇంటి వెనక ప్లాస్టిక్ డ్రమ్ములో నాయన దాన్ని కర్రతో కలిపేవాడు. తోటకి మందు కొట్టిన రోజు ఆయన గోళ్ళ సందుల్లో నీలం పోయేది కాదు. ఆ చేత్తోనే ముద్ద కలుపుకొని తినేవాడు.

అవును, మాదీ ద్రాక్షతోటే. ఈ సంగతి మీలో చాలామందికి నేను చెప్పలేదు. మూడెకరాల్లో రాతి కూసాలు పాతి, తీగె లాగి, పందిరి మీద బెంగళూరు బ్లూ పెంచేవాళ్ళం. నల్లగా, పుల్లగా, గింజలతో ఉండే కాయ. జ్యూసు బండ్లవాళ్ళకి అదే కావాలి. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది దానికి. పక్క తోటలవాళ్ళు దిల్‌ఖుష్ వేసేవాళ్ళు. అది మన హైదరాబాదు అనాబ్-ఎ-షాహీలోంచి వచ్చిన రకమే. హైదరాబాదు చుట్టూ ఆ తోటలు చాలావరకు ఇళ్ళయిపోయాయి. దాని బిడ్డ మా చిక్కబళ్ళాపురం పందిళ్ళ మీద ఇంకా కాస్తోంది.

మా ఊరు ఆ హోటల్ గేటుకి తొమ్మిది కిలోమీటర్లు.

డాలస్ బావగారు అర్జెంటీనాలో మెండోజా చూసొచ్చారట. యాండీస్ కొండల కింద ఎడారిలో ద్రాక్షతోటలు, వాటి మధ్యలో హోటళ్ళు. "ఇది మన మెండోజా" అన్నారు. నేను తర్వాత చదివాను. అక్కడ ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మా వైపు 700 పైనే పడుతుంది. మరి కరువు సీమ అని పేరు మాకెందుకొచ్చింది? వాళ్ళకి కొండ మీద మంచు ఉంది. అది కరిగి, ఎప్పుడో అక్కడి ఆదివాసులు మొదలుపెట్టిన కాలవల్లో దిగి, తోటలకి చేరుతుంది. మా కొండ మీద మంచు లేదు, కింద ఏడాది పొడుగునా పారే ఏరూ లేదు. పడ్డ వానని పట్టి ఉంచడానికి పెద్దవాళ్ళు వేల చెరువులు తవ్వారు. మేం ఆ చెరువుల్ని పూడనిచ్చి బోర్లు వేసుకున్నాం.

నాయన మొదటి బోరు మూడు వందల అడుగుల్లో పడింది. తర్వాతవి ఆరు వందలు, తొమ్మిది వందలు. ఆఖరిది పన్నెండు వందల అడుగులు. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ రాత్రంతా మోగింది. అవ్వ పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. పొద్దున దాకా దుమ్మే లేచింది గానీ తడి తగల్లేదు.

దీనికి వైన్ కంపెనీలని తిట్టడం నా ఉద్దేశం కాదు, అది న్యాయమూ కాదు. మా కొండల కింద దొడ్డబళ్ళాపుర వైపు 1988లో గ్రోవర్ తోట మొదలయింది. షాంపేన్ ప్రాంతం నుంచి జార్జ్ వెసెల్ అనే నిపుణుడు వచ్చి ఏ రకం ఎక్కడ బతుకుతుందో చూశాడు. (మనం దిగింది అక్కడ కాదు. మనం దిగినచోటి పేరు ఇక్కడ రాయను.) 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్ పాలసీ తెచ్చినప్పుడు నాయనకి కూడా ఆశ పుట్టింది. వైన్ ద్రాక్షకి డ్రిప్పు చాలు, పందిరి ద్రాక్షంత నీళ్ళు అక్కర్లేదు. కంపెనీతో ఒప్పందం ఉంటే ముందే ఒక ధర అనుకోవచ్చు. కానీ పాత తీగె పీకి కొత్తది నాటితే కాపు అందడానికి రెండు మూడేళ్ళు. అన్నేళ్ళు ఆగే డబ్బు ఎవరి దగ్గరుంది? ఆగగలిగినవాడికి తోట మిగిలింది, మాకు మిగల్లేదు. అంతే తేడా.

2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచాక మా వైపు నేల ధర కాయ ధరని దాటి ఎక్కడికో పోయింది. 2014లో నాయన రెండెకరాలు అమ్మాడు. అప్పులు తీరాయి, నా పెళ్ళి అయింది. మీ అందరూ మెచ్చుకున్న ఆ పెళ్ళి భోజనం ఆ తోటదే. ఆ తర్వాత కొన్నేళ్ళకి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా చెరువులకి వదలడం మొదలయింది. 2018లో కోలారుకి మొదట వచ్చింది, తర్వాత చిక్కబళ్ళాపురానికి. ఆ నీళ్ళని ఇంకా ఒక మెట్టు శుద్ధి చేయాలని రైతులు ఇప్పటికీ గొడవపడుతున్నారు. ఏదేమైనా బోర్లలో మట్టం లేచింది. అప్పటికి మా తోట లేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మా పనిలో హ్యాపీ పాత్ అని ఒకటుంటుంది. వాడేవాడు అన్నీ సరిగ్గా నొక్కితే, నెట్ సరిగ్గా ఉంటే, ప్రోగ్రాం ఎంత చక్కగా నడుస్తుందో చూపించే దారి. డెమోలో అదే చూపిస్తారు. టెస్టర్ పని అక్కడితో ఆగకూడదు. పక్కదారిలో ఏం జరుగుతోందో చూడాలి. ఆ హోటల్ నాకు మంచి డెమోలా కనిపించింది. తీగె ఉంది, కొండ ఉంది, గ్లాసు ఉంది. తొట్టిలో నీళ్ళు ఎక్కడివి అని అడిగితే "అంతా చూసుకుంటాం మేడం" అన్నారు. అది జవాబు కాదు.

మరునాడు పొద్దున మీరంతా కాఫీ తాగుతుంటే నేను వరసల మధ్యకి వెళ్ళాను. ఒకామె గుత్తుల దగ్గర ఆకు తుంపుతోంది. కన్నడంలో పలకరించాను. నా మాట విని తలెత్తి, "యా ఊరు తల్లీ మీది?" అంది తెలుగులో. ఊరు చెప్పాను. "ఆ ద్రాక్షతోట రెడ్డిగారి కూతురివా?" అంది. ఆమె మా తోటలో కూడా కత్తిరింపులకి వచ్చేదట. మన తీగెకి ఏడాదికి రెండు కత్తిరింపులు, ఎండాకాలంలో ఒకటి, దసరా దాటాక ఒకటి. ఏ కణుపు దగ్గర కోస్తే కాయ వస్తుందో ఆమె చేతికి తెలుసు. హోటల్ బోర్డుల మీద ఇంగ్లీషు ఉంది, కాస్త కన్నడం, కొంచెం ఫ్రెంచి కూడా ఉంది. తోటలో పనివాళ్ళు తమలో తాము మాట్లాడుకునే భాష ఎక్కడా లేదు. వాళ్ళని తప్పు పట్టను. రెండు రోజులు అక్కడున్న మన పద్నాలుగు మందిలో ఎవరికీ అక్కడ తెలుగు వినబడలేదు కదా!

మనం ఎక్కడినుంచి వచ్చాం అని మామయ్య ఎప్పుడూ చెప్తుంటారు. నాలుగు తరాల కింద పెన్న ఒడ్డున నెల్లూరి దగ్గరి పల్లె నుంచి మద్రాసు వచ్చామని. ఆ పెన్న పుట్టింది ఎక్కడనుకున్నారు? ఆ నంది కొండల వరసలోనే, చెన్నకేశవ కొండలో. అక్కణ్ణుంచి అనంతపురం, కడప మీదుగా 597 కిలోమీటర్లు నడిచి మీ ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాలారూ ఆ వైపు నేలలోనే పుడుతుంది. కర్ణాటకలో 93, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు పోయి, మన చెన్నైకి దక్షిణాన కలుస్తుంది. వేలూరు దారిలో కారు ఆపి "ఏమిటీ ఇసక" అని పిల్లలు అడిగింది దాన్నే. మీరు ఏటి కొసన ఉన్నవాళ్ళు, నేను మొదట్లో పుట్టినదాన్ని. పెళ్ళిచూపుల్లో ఎవరికీ తట్టలేదు గానీ, అంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

నీళ్ళ సంగతి చెన్నైవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2019 ఎండాకాలం మరిచిపోయారా? ఓఎంఆర్‌లో ఆఫీసులు నీళ్ళు లేక ఇంటినుంచే పని చేసుకోమన్నాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు వచ్చాయి. మనింట్లో ట్యాంకరు కోసం అత్తయ్య రాత్రి రెండింటికి లేచి కూర్చునేవారు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్నారు కాబట్టి 1996 నుంచి కృష్ణ నీళ్ళు పూండికి వస్తున్నాయి, మనం తాగుతున్నాం. కొళాయి తిప్పినప్పుడు ఇది ఎక్కడి నీరు అని అడిగే అలవాటు ఉన్న ఇల్లు మనది. హోటల్లో దిగగానే ఆ అలవాటు ఎందుకు పోవాలి?

ఇక అసలు సంగతి. రెండో రోజు మధ్యాహ్నం నేను, పాప ఆటోలో మా ఊరెళ్ళాం. మీకు "షాపింగ్" అని చెప్పాను. అమ్మ పితికిపప్పు కూర, ముద్ద, ఓళిగలు చేసిపెట్టింది. ఒక్కరికి ఇద్దరికి కాదు, పద్నాలుగు మందికి. "ఇంత దూరం వచ్చినారు గదా, వస్తారేమో అనుకున్నా" అంది. నేను పిలవలేదని చెప్పలేకపోయాను. తప్పు మీది కాదు, నాదే. రేకుల వరండా, బయట ఉన్న బాత్రూము, ఏసీ లేని గది అని నేనే సిగ్గుపడ్డాను. పాప అడిగింది, "అమ్మా, అవ్వ ఇల్లు హోటల్ పక్కనేనా? మరి మనం ఇక్కడెందుకు పడుకోలేదు?" అని. దానికి నా దగ్గర టెస్ట్ కేసు లేదు.

అందుకే ఆ షరతు. ఒక రోజు తోటలో ఉందాం, తొట్టిలో ఆడుకుందాం, పెద్దత్తయ్యకి కషాయం కూడా పోయిద్దాం. ఇంకో రోజు నా లెక్క ఇది. పొద్దున నంది ఊళ్ళో భోగనందీశ్వరుడి గుడి, అక్కడి కోనేరు. తర్వాత ముద్దేనహళ్ళి, విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. మోక్షగుండం అని ఇంటిపేరులో ఒక ఆంధ్ర పల్లెని మోసుకుంటూ కన్నడదేశంలో పెరిగిన తెలుగింటి బిడ్డ ఆయన. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకి నీటి ప్లాను వేసిచ్చింది కూడా ఆయనే. బయటి తెలుగువాళ్ళం అని ఎప్పుడైనా చిన్నబుచ్చుకునే పిల్లలకి ఆ ఇల్లు చూపించాలి. దారిలో రోడ్డు పక్క పందిరి దగ్గర కాయ కొనండి, పెట్టె లెక్కన, బేరం లేకుండా. అమ్మేవాళ్ళతో తెలుగులో మాట్లాడండి. వాళ్ళ యాస మీకు, మీ యాస వాళ్ళకి కాస్త నవ్వు తెప్పిస్తుంది, ఫర్వాలేదు. హోటల్లో దిగేటప్పుడు నీళ్ళు ఎక్కడివి అని మామయ్యే అడగాలి. నన్నంటే "చూసుకుంటాం మేడం" అంటారు గానీ, డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని అలా దాటేయలేరు.

మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. ఈసారి నేనే పిలుస్తున్నాను, అందరినీ. బాత్రూము బయటే ఉంటుంది, ఫ్యాను కరెంటుని బట్టి తిరుగుతుంది. మిగిలిన ఎకరంలో అమ్మ ఇప్పుడు రాగులు, అవరేకాయలు వేస్తోంది. వాకిట్లో మాత్రం ఒక్క తీగె ఉంచుకుంది, బెంగళూరు బ్లూ. ఫిబ్రవరిలో వస్తే కాయ ఉంటుంది. తారీఖు గ్రూపులో పెట్టండి, పితికిపప్పుకి అమ్మకి రెండు రోజుల ముందు చెప్పాలి.