చేతికి మట్టి అంటని పట్టా

అనంతపురం పీఠభూమిలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వానను నమ్ముకొని వేరుశెనగ విత్తే రైతుకు లెక్క తప్పితే బతుకే తప్పుతుంది. 2000వ దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాలలో ఒక భూగర్భజల కార్యక్రమం నడిచింది. అందులో రైతులే వాన కొలిచారు. బోరుబావుల నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను ఊరందరికీ కనిపించేలా రాసిపెట్టారు. ఉన్న నీటికి తగిన పంట ఏదో కలిసి లెక్క వేసుకున్నారు. ఆ విద్యకు పట్టా అవసరం కాలేదు. మరి పట్టా కోసం చదువుతున్న మన బిడ్డలలో ఎందరు ఒక్క బోరుబావినైనా కొలిచి చూశారు?

అవకాశం లేక కాదు. 2020-21లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం ముగిశాక రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తరువాత మరో రెండు నెలల శిక్షణ, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ అంతా పనిచోటనే. ఆలోచన ఉత్తమమైనది. అయితే తెలిసినవారున్న ఇంటి బిడ్డకు మంచి సంస్థ దొరుకుతుంది. పంక్చర్ల దుకాణం నడిపే తండ్రి ఎవరిని అడగగలడు? బస్సు ఛార్జీలకే వెనుకాడే ఇంటినుంచి జీతం లేని పనికి ఎన్నాళ్లు పంపగలడు? చివరకు కొందరు డబ్బిచ్చి ధ్రువపత్రం తెచ్చుకుంటున్నారు. కాగితం చేతికొస్తుంది, పని రాదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆ సంగతి బయటపడుతుంది.

చేతిపనితో నేర్చుకోవడం మనకు కొత్త కాదు. కదిరిలోనైనా, హిందూపురంలోనైనా మెకానిక్ షెడ్డులో, దర్జీ దుకాణంలో, దూదేకుల ఇళ్లలో ఉస్తాద్ పక్కన కూర్చొని షాగిర్ద్ నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే. విచారమేమంటే కళాశాల ఆ షెడ్డును విద్యగా గుర్తించదు; మనమూ మన బిడ్డ చేతికి నూనె అంటకపోవడమే చదువుకు గుర్తు అనుకుంటున్నాము. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా విద్య అన్న ఆలోచనను ముందుంచినప్పుడు, దానికి పాఠ్యప్రణాళిక రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించినది డాక్టర్ జాకిర్ హుస్సేన్. హైదరాబాదులో పుట్టి, జామియా మిల్లియాను నిలబెట్టి, రాష్ట్రపతి అయిన ఆ పండితునికి చేతిపని చిన్నతనంగా తోచలేదు. మనకెందుకు తోచాలి?

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే: ధ్రువపత్రం కొనకండి, కొననివ్వకండి. ముఖ్యంగా ఆడబిడ్డల విషయంలో "ఇంట్లోనే ఉండి కాగితం తెచ్చుకో" అనడం వారి చదువులో పది నెలలను మనమే లాగేసుకోవడం. దూరం భయమైతే దగ్గరలోనే పని ఉంది. మన మొహల్లాలో ఎన్ని ఇళ్లకు కుళాయి ఉంది, ఏ బోరు ఏ ఏడాది ఎండింది, ఎందరు పిల్లలు బడి మానారు అన్నది ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటే, అదే నిజమైన సామాజిక సేవా ప్రాజెక్టు. ఆ లెక్కలు రేపు మున్సిపాలిటీ ముందు మన హక్కులు అడగడానికి ఆధారమవుతాయి.

కార్యకర్తలు అడగవలసినవీ ఉన్నాయి. పేద విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ కాలంలో ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. సంస్థల కేటాయింపు పలుకుబడిని బట్టి కాక బహిరంగంగా జరగాలి. నైపుణ్యమున్న మన ఉస్తాదుల దుకాణాలను శిక్షణా స్థలాలుగా గుర్తించాలి. డిగ్రీ ముగిసిన వారికి మరో దారీ ఉంది: 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 2014 సవరణ తరువాత సాంకేతికేతర పట్టభద్రులకూ వర్తిస్తుంది, ఆ శిక్షణ కాలంలో స్టైపెండ్ పొందడం వారి హక్కు.

వాన తక్కువ పడే నేల మీద ఒక్క చుక్కనూ వృథా పోనివ్వకూడదని మన పెద్దలు నేర్పారు. మన బిడ్డల చదువులోని ఈ పది నెలలనూ అంతే జాగ్రత్తగా కాపాడుకోవలసిన బాధ్యత మనందరిదీ.